ఏడో నంబరు గిన్నె

ఆగండాగండి. చేతిలో చెంచా ఉంటే పక్కన పెట్టండి, నోట్లో ముద్ద ఉంటే మింగేసి రండి, ఎందుకంటే ఈ సంగతి తింటూ వినేది కాదు. ఒకమ్మాయి గుడ్డ గోడల గదిలో ఇరుక్కుపోయింది. గది అంటే గది కూడా కాదు, ఒక కుర్చీ, ఒక బల్ల పట్టేంత చోటు. బల్ల మీద రెండు సూప్ గిన్నెలు. ఒకదాని మీద మూడు, ఇంకోదాని మీద ఏడు అని నంబర్లు. రెంటిలో ఏది బాగుందో ఆమె మైకులో చెప్పాలి. బయట వీధి వీధంతా చెవులు రిక్కించుకుని నిలబడింది. ఆమెకేమో ఆ రెండు గిన్నెలకీ వేడి నీళ్ళకీ తేడా తెలియడం లేదు.

ఎలా ఇరుక్కుందో మొదట్నుంచీ చెబితేగానీ అర్థం కాదు.

ఆమె పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. ముందు గదిలో కొత్త ఫ్రేములు పెట్టుకుని మురిసిపోయే జనం, వెనక గదిలో ఈమె. గాజు బిళ్ళని మిషను మీద అరగదీయడం, ఫ్రేము గాడిలో సరిగ్గా కూర్చోబెట్టడం, మెత్తటి గుడ్డతో తుడిచి లైటుకి పట్టి చూడడం. పొద్దస్తమానం అదే. సాయంత్రం షట్టరు దించగానే మాత్రం రెక్కలొచ్చేవి. షాపున్న వీధంతా తిండి కొట్లే మరి. నూడుల్స్ బండి, వేయించిన చేపల కొట్టు, ఆమ్లెట్లాయన, కోడిని కాల్చే పొయ్యి, మేడ మీద తెల్లగుడ్డలు పరిచిన రెస్టారెంటు. రోజుకో చోట తినడం, తిన్నది ఎలా ఉందో ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి తెలిసినవాళ్ళకి పంపడం. మొదట్లో నలుగురే వినేవారు. ఆ నలుగురూ ఇంకొందరికి పంపారు, చూస్తుండగానే ఊరు ఊరంతా "ఇవాళ నాలుకమ్మ ఏమంది?" అని కనుక్కుని మరీ తిండికి బయలుదేరడం మొదలుపెట్టింది.

నాలుకమ్మ అన్న పేరు వాళ్ళన్నయ్య పెట్టింది. చిన్నప్పుడు పాలలో చుక్క నీళ్ళు కలిసినా గ్లాసు తోసేసేదట. వెక్కిరించడానికి పెట్టిన పేరు కాస్తా బిరుదై కూర్చుంది. ఊరికే మాత్రం కాలేదు. చేప ముక్క ఒక్కటి కొరికి ఇది నిన్నటి నూనె అనేసేది. ఆమ్లెట్ నోట్లో పెట్టుకుని, ఈ పెనం మీద ఇంతకుముందు ఏం వేయించారో చెప్పేది. ఆమె మలుపు తిరిగి వస్తోందంటే నూడుల్స్ బండాయన ఉల్లిపాయల గిన్నె మార్చేసేవాడు. ఆయనకి ఆమె అంటే భయం, ఆమె రాకపోతే బెంగ.

అలాంటి పిల్లకి వానల్లో తడిసి జలుబు చేసింది. జలుబు నాలుగు రోజులుండి పోయింది. పోతూ పోతూ వాసననీ రుచినీ కూడా మూటగట్టుకుని పోయింది.

మొదటిరోజు పొద్దున్నే పేస్టు నోట్లో పెట్టుకుంటే చల్లటి సున్నంలా ఉంది. పేస్టు పాడైందనుకుంది. కాఫీ తాగితే వేడి తప్ప ఇంకేమీ లేదు. పాలు బాగోలేవనుకుంది. సాయంత్రం కాల్చిన కోడి తిందామని కూర్చుని ముక్క నోట్లో పెట్టుకుంటే, తడిసిన అట్ట నమిలినట్టుంది. పక్క బల్ల మీద జనం అదే కోడి కోసం వేళ్ళు నాక్కుంటున్నారు. అప్పుడు ఆమెకి అర్థమైంది, పాడైంది పేస్టూ పాలూ కాదని. ముక్కు డాక్టరు దగ్గరికి ఎవరికీ చెప్పకుండా వెళ్ళింది. రావచ్చు, రాకపోవచ్చు, రోజూ సబ్బూ కాఫీ పొడీ నిమ్మ తొక్కా వాసన చూస్తూ ఉండమన్నాడాయన. అప్పట్నుంచి రోజూ లేవగానే బాత్రూములో తలుపేసుకుని, సబ్బుని ముక్కుకి ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేది. బయట్నుంచి అన్నయ్య తలుపు బాదుతూ, సబ్బుతో ఒళ్ళు రుద్దుకుంటున్నావా కాపురం చేస్తున్నావా అని కేకలేసేవాడు.

చెప్పేయొచ్చుగా అంటారా? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉంది. ఆ వెనక గదిలో గాజు అరగదీసే అమ్మాయిని ఎవరూ పలకరించరు. నాలుకమ్మనైతే వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కుర్చీ లాగి కూర్చోబెడతారు. రేపు వచ్చేస్తుందేమో రుచి, ఇంతలోకే ఎందుకు చాటుకోవడం అని సర్దిచెప్పుకుంది.

ఈలోగా బండి ఎలా నడిపిందంటే, మనుషుల మొహాలు చూసి. తినేవాడు రెండో ముద్దకి ముందే నీళ్ళగ్లాసు అందుకున్నాడా, ఉప్పు ఎక్కువ. గలగలా వాగుతున్న పిల్ల ఉన్నట్టుండి నోరు మూసుకుని తింటోందా, బ్రహ్మాండం. మొగుడూ పెళ్ళాం చివరి ముక్క నువ్వు తిను అంటే నువ్వు తిను అని తెగ బతిమాలుకుంటున్నారంటే ఇద్దరికీ నచ్చలేదని. ఎవరో ఒకరు గుట్టు చప్పుడు కాకుండా లాగేసుకున్నారంటే నచ్చిందని. ఇదంతా కనిపెట్టి, తనే రుచి చూసినట్టు ఫోనులో మాట్లాడేది. ఒక్కసారీ తప్పలేదు. పైగా జనం, నాలుకమ్మ ఈ మధ్య ఇంకా బాగా చెబుతోందన్నారు. ఆ మాట విన్న రోజు ఆమె అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఉప్పగా ఉండాల్సిన కన్నీళ్ళు పెదాల మీదికొచ్చినా ఏమీ తెలియలేదు.

ఇక వదిన సంగతి.

ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు, మేడ మీద రెండు గదులు. అన్నయ్య బస్సు డ్రైవరు. వదిన ఆసుపత్రిలో వార్డు నర్సు. మనిషి చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. కూరగాయలు కూడా కత్తితో కాదు, కత్తెరతో కోస్తుంది, కట్లు కత్తిరించే అలవాటు. ఏళ్ళ తరబడి వార్డులో ఉప్పూ కారం లేని పథ్యం తిండి పంచీ పంచీ, ఆ ట్రేలు సగం తిని తిరిగి రావడం చూసీ చూసీ ఆమెకి విసుగెత్తిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు ఆకలితో తింటుంటే ఎదురుగా నిలబడి చూడాలనుందే అనేది. అదే ఆమె కోరిక, ఇంకేం లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం కోడి ఎముకలూ క్యారెట్టూ వేసి సూప్ కాచింది. చెంచా నింపి, కింద చెయ్యి అడ్డం పెట్టి, ఆడపడుచు నోటి దాకా తెచ్చింది. ఇది బాగుందంటే హోటల్ పెడతాను, లేదంటే ఈ జన్మకి ఆ ఊసెత్తను అంది. అన్నయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. నాలుకమ్మకి అప్పటికే రుచి పోయి ఉంది. చెంచా మింగింది. వెచ్చగా గొంతులోంచి దిగింది, అంతే. తలెత్తి చూస్తే వదిన మొహం కనపడింది. ఆ కనుబొమలు పైకి లేచి, పెదాలు సగం విచ్చుకుని, ఊపిరి బిగబట్టి. మొహాలు చదవడం అలవాటైన పిల్ల కదా, ఆ మొహం చూసి సూప్ బాగుందనుకుంది.

"అదిరింది వదినా," అంది.

దాంతో వదిన జీతం లేని సెలవు పెట్టేసింది. టైర్ల షాపు పక్కన ఖాళీ గది ఒకటి చూసి, ఎలా ఉందో చెప్పమని నాలుకమ్మనే తీసుకెళ్ళింది. గాలీ వెలుతురూ బాగున్నాయి, బల్లలు వేసుకోవచ్చు, తీసేసుకో అంది నాలుకమ్మ. అదే అద్దెకి పట్టుకుంది వదిన. తీరా హోటల్ తెరిచాక, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ముక్కు మూసుకోవడం మొదలైంది. పక్కనున్న కొత్త టైర్ల రబ్బరు కంపు గది నిండా ఉందట. వదిన నడుం మీద చెయ్యి వేసుకుని నిలదీసింది. నాకంటే వార్డు మందుల వాసన అలవాటైపోయి ఇంకోటి తెలీదు, నువ్వెందుకు చెప్పలేదే అని.  ఆ రోజు గాలి అటు వీచిందేమో వదినా అని గొణిగింది నాలుకమ్మ. అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు తెచ్చుకుంది, ఇక అక్కణ్ణుంచి తోడు మీద తోడే.

రోజూ షాపుకి వెళ్ళే ముందు సూప్ చూడాలి. వదిన చెంచా ఇచ్చి ఎదురుగా నిలబడేది. ఊరికే బాగుందంటే నమ్మదేమో, ఏదో ఒకటి చెప్పాలి కదా నాలుకమ్మ అన్నాక. పులుపు ఒక్క పిసరు పెంచితే బాగుంటుందేమో అంది ఒకరోజు, నోటికొచ్చింది. వదిన మొహం వెలిగిపోయింది. ఓహో, సరిగ్గా పట్టేశానన్నమాట అనుకుంది నాలుకమ్మ. మర్నాడు కూడా పులుపే అంది, ఆ మొహం వెలగడం చూద్దామని. ఆ పై వారం మిరియాలు. తర్వాత మళ్ళీ పులుపు. వదిన మారు మాట్లాడకుండా నిమ్మకాయలు పిండుతూ పోయింది. ఒకాయన సగం తాగి గిన్నె వదిలేసి పోతే, పాపం ఒంట్లో బాగోలేదేమో అని ఇద్దరూ జాలిపడ్డారు.

సెలవు అయిపోవచ్చింది. సోమవారం డ్యూటీలో చేరకపోతే ఉద్యోగం పోతుందని ఆసుపత్రి నుంచి కబురు. ఆ రబ్బరు కంపు గదిలో హోటల్ నిలబడదని అందరికీ తెలిసిపోయింది. ఇక మిగిలింది ఒక్కటే దారి, ఫుడ్ ఫెస్టివల్.

ఏటా వీధికి రెండు వైపులా అడ్డం కట్టేసి, కొట్లన్నీ రోడ్డు మీదికొచ్చేసి జరిపేది అది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా జనం తింటూనే ఉంటారు. ఈసారి ఒక కొత్త సంగతి వచ్చింది. పోటీలో మొదట వచ్చినవాళ్ళకి కొత్త మార్కెట్ హాలులో కొట్టు ఇస్తామన్నారు, ద్వారం పక్కనే, పైన పంకా, వెనక నీళ్ళ కుళాయి. వదిన పేరిచ్చేసింది. అన్నయ్య ఆ రోజు అన్నం తింటూ, కొట్టు వస్తే నీ ఇష్టం, రాకపోతే సోమవారం పొద్దున వార్డుకి, ఇంక మళ్ళీ ఈ మాట ఎత్తొద్దు అన్నాడట. వదిన సరేనంది. ఆమె సరే అందంటే సరేనే.

ఇంతలో ఫెస్టివల్ వాళ్ళు నాలుకమ్మని వెతుక్కుంటూ కళ్ళజోళ్ళ షాపుకొచ్చారు. తీర్పు చెప్పేవాళ్ళు ముగ్గురట, పళ్ళ డాక్టరూ బేకరీ పెద్దాయనా ఒప్పుకున్నారట, తినేవాళ్ళ తరఫున మూడో మనిషి నువ్వే అన్నారు.  మా వదిన కూడా పోటీలో ఉంది, నేను కూర్చోకూడదు అంది నాలుకమ్మ. బయటపడే దారి దొరికిందని లోపల సంబరపడింది కూడా. వాళ్ళు నవ్వేశారు. ఈ వీధిలో ఎవరికి ఎవరు చుట్టం కారు చెప్పు, కిందటేడు ఒకాయన బావమరిది కొట్టుకి ఓటేశాడని కుర్చీలు గాల్లోకి లేచాయి, అందుకే ఈసారి ఎవరి గిన్నె ఏదో తెలియకుండా చాటున కూర్చోబెట్టి తినిపిస్తాం అన్నారు. షాపు ఓనరు సంతోషం పట్టలేక ఆ రోజంతా సెలవిచ్చేశాడు. ఇంటికెళ్తే వదిన అప్పటికే వినేసి ఉంది. నీ తిండికి ఇన్నాళ్ళకి ఓ గౌరవం వచ్చిందే అని వీపు మీద ఒక్కటి చరిచింది. ఇంక నోరు ఎలా పెగులుతుంది?

ఫెస్టివల్ రోజు వచ్చింది. తీర్పు చెప్పేవాళ్ళ కోసం బట్టల కొట్టు నుంచి ట్రయల్ రూములు అరువు తెచ్చి రోడ్డు పక్కన వరసగా నిలబెట్టారు. ఇనప కమ్మీలకి మందపాటి ముదురు రంగు గుడ్డ. లోపల బట్టలు తగిలించే కొక్కెం, నిలువెత్తు అద్దం. చెయ్యి పట్టేంత చోట గుడ్డ కత్తిరించి, అందులోంచి గిన్నెలు లోపలికి తోస్తారు. ఒక్క మనిషి మొహం కూడా కనపడదు. నాలుకమ్మ లోపల కూర్చుని తెర దించగానే తనకేం జరిగిందో తెలిసొచ్చింది. ఇన్నాళ్ళూ ఎవరి మొహాలు చూసి బతికిందో ఆ మొహాలన్నీ బయట ఉండిపోయాయి. ఎటు తిరిగినా అద్దంలో తన మొహమే. ఆ మొహంలో చదవడానికి భయం తప్ప ఏమీ లేదు.

గిన్నెలు రావడం మొదలైంది. ఒకటి తోస్తారు, కాస్త ఆగి తీసుకుంటారు, ఇంకోటి తోస్తారు. అన్నీ సూపులే, ఈసారి పోటీ సూప్‌కే. ఒకటి చిక్కగా ఉంది, ఒకటి పలచగా ఉంది, ఒకదాంట్లో ఎముక గుచ్చుకుంది. ఇంతకు మించి ఆమె చెప్పగలిగింది లేదు. లోపల ఉక్కపోత. చెమట వీపు మీద ధారలు కడుతోంది. ముక్కు గిన్నెలో పెట్టి గట్టిగా పీల్చింది, ఆవిరి మాత్రం వెళ్ళింది. ఒక చెంచా నాలుక కింద పెట్టుకుని చాలాసేపు ఉంచుకుంది, ఏ మూలనైనా ఒక్క నరం మేలుకోకపోతుందా అని. మేలుకోలేదు.

ఏడో నంబరు గిన్నె లోపలికొచ్చింది. పైన ఉల్లికాడలు. రెండు చివరలా ఏటవాలుగా, ఒకేలాగా, కత్తెరతో కోసినవి. నాలుకమ్మ చెంచా ఎత్తబోయి ఆగిపోయింది. వీధి మొత్తంలో ఉల్లికాడలు కత్తెరతో కోసే మనిషి ఒక్కతే ఉంది.

అన్నీ అయ్యాక మైకు పట్టుకున్నాయన పళ్ళ డాక్టర్ని అడిగాడు. డాక్టరు తన గుడ్డ గదిలోంచి మూడు అన్నాడు. మూడో గిన్నె కడుపులోకి హాయిగా దిగిందట, ఏడోదైతే పులుపుకి పళ్ళు జివ్వుమన్నాయట. పళ్ళు బాగుచేసేవాడినే బెదరగొట్టిందని మైకాయన అనగానే జనం ఘొల్లున నవ్వారు. గుడ్డ లోపల నాలుకమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆ నవ్వు వదిన వింటోంది. ఆ పులుపు వదినది కాదు, తనది. పిసరు పిసరుగా, నోటికొచ్చినట్టు చెప్పి పోయించింది.

తర్వాత బేకరీ పెద్దాయన వంతు. ఆయన గొంతు సవరించుకుని ఏడు అన్నాడు. మొదటి చెంచాకి ఇదేం సూప్‌రా అనిపించిందట, మూడో చెంచాకి గిన్నె వదలబుద్ధి కాలేదట, ఇన్నేళ్ళ వయసులో ఇలాంటిది తినలేదట. జనం ఈసారి చప్పట్లు కొట్టారు. నాలుకమ్మ కళ్ళు తెరిచింది. అయితే బాగుందా? బాగోలేదా? తన నోటి మాటలతో వదిన సూప్‌ని చెడగొట్టిందా, లేక ఎవరూ చేయనిదేదో చేయించిందా? ఇద్దరు పెద్దమనుషులు తిని చెరో మాటా చెప్పారు. తనకి ఏ మాట పట్టుకోవాలో తెలియదు.

ఒకటికి ఒకటి సరిపోయింది, ఇక తినేవాళ్ళ మనిషి మాటే తీర్పు అని ప్రకటించారు మైకులో. మిగతా గిన్నెలు తీసేసి మూడూ ఏడూ మాత్రం మళ్ళీ నింపి ఆమె ముందు పెట్టారు. నంబరు ఒక్కటే చెబితే చాలదు, ఎందుకు బాగుందో కూడా చెప్పాలి అన్నారు. ఇంకో రెండు చెంచాలు తిననివ్వండి అని అడిగింది ఆమె. గొంతు వణికితే, పాపం పిల్ల ఎంత శ్రద్ధగా తూకం వేస్తోందో అని బయట ఎవరో మెచ్చుకున్నారు.

అప్పుడు వెనక వైపు గుడ్డ కదిలింది.

"నాలుకమ్మా, నేనే. నోరెత్తకు, విను చాలు."

వదిన. గుడ్డకి ఆనుకుని గోడ పక్క సందులో నిలబడి ఉంది. మంట దగ్గర నిలబడి వచ్చిన మనిషి రొప్పుతున్నట్టు వినపడుతోంది.

"వదినా, వెళ్ళిపో. ఎవరైనా చూస్తే నిన్ను తీసేస్తారు."

"చూస్తే చూడనీ. ఏడు నాదని నీకు తెలిసిపోయి ఉంటుంది. ఆ ఉల్లికాడలు చూసి కూడా గుర్తుపట్టకపోతే ముందు నువ్వు ఓ కళ్ళజోడు చేయించుకోవాలి. అందుకే వచ్చా. నాదని మాత్రం ఓటెయ్యకు."

"ఏంటి వదినా నువ్వు..."

"విను. బాగుంటే ఏడు అను. బాగోకపోతే మూడు అను, సోమవారం పొద్దున్నే వార్డుకి పోతా. నీ మీద కోపం కూడా ఉండదు. రెండ్రోజులుంటుందిలే, ఆ మాత్రం ఉండనీ. కానీ నా మొహం చూసి జాలిపడి వేశావనుకో, ఆ కొట్టు నాకొద్దు. జాలితో తినేవాళ్ళని వార్డులో చాలామందిని చూశా."

 నాలుకమ్మ గుడ్డకి ఇవతల నుంచి అరచెయ్యి ఆనించింది. అవతల వదిన భుజం వెచ్చగా తగిలింది.

"నీకెలా అనిపించింది వదినా? నువ్వు తిన్నావుగా?"

"నేనా? నేనెక్కడ తిన్నానే." వదిన చిన్నగా నవ్వింది. "ఆ ఆదివారం సూప్ కాచిన దగ్గర్నుంచి చెంచా నోట్లో పెట్టుకుంటే ఒట్టు. పొద్దున్నుంచి ఆ ఆవిరి పీలుస్తుంటే నాకు అన్నీ ఒకేలా ఉంటాయి. నువ్వుండగా నాకెందుకా గోల? నీ నోట్లో చెంచా పెడతా, నీ మొహం చూస్తా. నువ్వు నా వంక చూసి నవ్వావంటే కుదిరినట్టు."

 నేను నీ మొహం చూసే కదా వదినా నవ్వింది, అనుకుంది నాలుకమ్మ. ఆమె మొహం వెలిగిందని ఈమె నవ్వింది, ఈమె నవ్విందని ఆమె మొహం వెలిగింది. మధ్యలో పొయ్యి మీద సూప్ ఒంటరిగా ఉడికింది. అది పుల్లగా ఉందో, కమ్మగా ఉందో ఆ వంటింట్లో ఎవరికీ తెలియదు. ఉద్యోగానికి సెలవు పెట్టించింది, కంపు గది పట్టించింది, నిమ్మకాయలు పిండించింది, అంతా ఎవరూ రుచి చూడని ఒక చెంచా మీద.

చెప్పేయాలి. ఇప్పుడే, గుడ్డకి ఇవతల నుంచి, మొహం కనపడకుండా ఉన్నప్పుడే.

"వదినా, నీకో మాట చెప్పాలి. ఆ ఆదివారం నాడు..."

ముందు తెర సర్రున పక్కకి జరిగింది. ఎండ కళ్ళలో పడింది. మైకాయన వంగి, ఏంటమ్మా, ఎవరితో, అన్నాడు. నాతో నేనే అంది నాలుకమ్మ. వెనక గుడ్డ వదులైపోయింది, భుజం లేదు అక్కడ. ఆయన మైకు ఆమె చేతిలో పెట్టి, తెర మళ్ళీ దించుతూ, ఇంక ఆలస్యం చేస్తే జనం ఆగరమ్మా అన్నాడు.

ఆగడం లేదు కూడా. నాలుకమ్మా, నాలుకమ్మా అని చప్పట్లతో తాళం వేస్తున్నారు. నూడుల్స్ బండాయన గొంతు అందరికంటే పైకి వినపడుతోంది. అన్నయ్య కూడా ఎక్కడో ఉండి ఉంటాడు, బస్సు డ్యూటీ మార్చుకుని వస్తానన్నాడు. అందరి కంటే ముందు, స్టాళ్ళ వరసలో, గరిటె పట్టుకుని వదిన నిలబడి ఉంటుంది. నిజం కోసం.

మైకు చేతిలో జారిపోతోంది, అంత చెమట. నాలుకమ్మ మూడో గిన్నెలోంచి ఒక చెంచా తాగింది. వేడి. ఏడో గిన్నెలోంచి ఒక చెంచా తాగింది. వేడి. గొంతు దగ్గర కాస్త చురుక్కుమంది, మిరియాలు కాబోలు.

ఏడు అంటే వదినకి కొట్టు వస్తుంది. కానీ జాలితో వచ్చిన కొట్టు వదిన వద్దంది, అది జాలేనని ఆమెకి ఎప్పటికీ తెలియకపోయినా. పోనీ బేకరీ పెద్దాయన చెప్పిందే నిజమైతే? అప్పుడు అది న్యాయంగా వచ్చిన కొట్టే, దాన్ని పారేసే హక్కు తనకెక్కడిది? మూడు అంటే పక్షపాతం లేదని వీధంతా మెచ్చుకుంటుంది, వదిన మాత్రం సోమవారం పొద్దున ఆ ట్రేలు పట్టుకుని వార్డులో తిరుగుతుంది, నిజంగా ఓడిందో లేదో తేలని సూప్‌ని ఓడిపోయిన సూప్ అనుకుంటూ. రెండూ కాదు, నాకు రుచి తెలియదు, వానల్లో జలుబు చేసినప్పట్నుంచీ తెలియదు అని మైకులో చెప్పేస్తే? ఆ మాట మొదట వదిన చెవిన పడాలి, ఇంత జనం మధ్య కాదు. ఇంత జనం మధ్య పడితే, మరదలి నోటి మాటతో హోటల్ పెట్టిన మనిషిని రేపట్నుంచి వీధి ఎలా చూస్తుంది? పోటీలోంచి ఏడో గిన్నెనే తీసేయరూ, ఇంట్లోవాళ్ళు ఇంట్లోవాళ్ళు కూడబలుక్కున్నారని?

చప్పట్లు ఆగిపోయాయి. చెప్పబోతోందని ఎవరో అందరినీ ఊరుకోబెట్టారు. వీధంతా ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమైందంటే, ఆమె ఊపిరి పీల్చడం మైకులోంచి స్టాళ్ళ వరస చివరి దాకా వినపడింది.

నోరు తెరిచింది. ఇంకొక్క క్షణంలో ఏదో ఒకటి అనాలి.

మీరైతే ఏమనేవారు?